పడవకి చక్రాలుండవు

హార్మెన్ స్లోట్‌బూమ్ ఇంటికెళితే పెట్టే బిస్కెట్ ఒకటే, సలహాలు మాత్రం అయిదు అని వీధిలో అందరూ నవ్వుకునేవారు. ఆ మాట అతని చెవిన పడకపోలేదు. పడినా కోపం తెచ్చుకునేవాడు కాదు. "ఒక్క బిస్కెట్‌తో సరిపెట్టుకున్నవాడు ఎవడూ చెడిపోలేదు" అనేవాడు, రేకు డబ్బా మూత బిగించి అలమారలో పెడుతూ.

డేవెంటర్‌లో సేవింగ్స్ బ్యాంకు కౌంటర్ వెనక ముప్పై ఏడేళ్ళు కూర్చున్న మనిషి. ఆ శాఖ మూసేసి, కౌంటర్లు పీకేసి, అక్కడ కాఫీ హోటల్ పెట్టాక కూడా అతని కౌంటర్ మూతపడలేదు. వీధిలో ఎవరి పిల్లలు కాలేజీ చదువు ముగించినా సరే, ఒక శనివారం పొద్దున తల్లో తండ్రో వాళ్ళని హార్మెన్ ఇంటికి తరిమేవారు. అతను వాళ్ళని వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి, కాఫీ పోసి, టైపు చేసిన కాగితం ఒకటి ముందు పెట్టేవాడు. జీతం పడిన రోజే పదో వంతు పక్కకి తియ్యి, మిగిలిందే నీ జీతం అనుకో. చక్రాలున్న దేనికోసమూ అప్పు చెయ్యకు. జీతం పెరిగింది కదా అని ఇల్లు మార్చకు. పర్మనెంట్ చేసినట్టు కాగితం చేతికి వచ్చేదాకా దాన్ని ఉద్యోగం అనుకోకు. ఇక అయిదోది అతనికి ప్రాణం. దాన్ని కాగితంలో చదవనిచ్చేవాడు కాదు, తనే నోటితో చెప్పేవాడు: "ముందు నిలదొక్కుకో. నీకిష్టమైన పనులు ఆ తర్వాత చేసుకోవచ్చు. జీవితం చాలా పొడుగు."

ఆ సలహాలు చెడ్డవని ఎవరూ అనలేరు. ఆ కాగితం పుణ్యాన సొంతిల్లు కొనుక్కున్నవాళ్ళు ఉన్నారు. ఉద్యోగం ఊడిన ఏడాది ఎవరి ముందూ చెయ్యి చాపకుండా గట్టెక్కినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు వీధిలో కనిపిస్తే సైకిల్ దిగి మరీ పలకరించేవారు.

అతని కూతురు యోరీన్. ఒక్కతే సంతానం. నదులూ కట్టలూ నీటి మట్టాలూ చదువుకుంది. ఇరవై మూడో ఏట పట్టా పుచ్చుకుని ఇంటికొచ్చిన వారానికి ఆమె కూడా అదే బల్ల దగ్గర కూర్చుంది.

"నాన్నా, ఒక్క ఏడాది అడుగుతున్నాను" అంది. "ఎంక్‌హౌజెన్‌లో పాత పడవలు బాగుచేసే షెడ్డు ఉంది. జీతమంటే జీతం కాదనుకో, గది ఇస్తారు, తిండి పెడతారు. ఏడాది అయ్యాక నువ్వు ఎక్కడ చేరమంటే అక్కడ చేరతాను."

"గదీ తిండీ ఇక్కడ కూడా ఉన్నాయిగా. ఇన్నేళ్ళు చదివింది పడవలకి తారు పుయ్యడానికా?"

"తారు ఒక్కటే కాదు నాన్నా..."

"నది కట్టలు చూసే బోర్డువాళ్ళు పర్మనెంట్ ఇస్తామంటున్నారు. ఇరవై మూడేళ్ళకి పర్మనెంట్! నలభై ఏళ్ళు నిండినవాళ్ళు ఆ కాగితం లేక, ఇంటికి లోను పుట్టక, నా కౌంటర్ ముందు కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు, తెలుసా నీకు? పడవలు ఎక్కడికీ పోవు. వందేళ్ళ నుంచి ఉన్నాయి, ఇంకో పదేళ్ళు ఉంటాయి. జీవితం చాలా పొడుగమ్మా."

అతని భార్య అలైడా అటు తిరిగి గిన్నెలు కడుగుతోంది. "ఏడాదేగా హార్మెన్" అంది, తిరక్కుండానే.

"చెడిపోయినవాళ్ళందరూ ఏడాదితోనే మొదలుపెట్టారు."

యోరీన్ ముందున్న కాగితం అందుకుంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. "సరే నాన్నా" అంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని హార్మెన్ అనుకోలేదు. ఉబ్బితబ్బిబ్బై ఆ రోజు డబ్బా మూత మళ్ళీ తీసి రెండో బిస్కెట్ కూడా ఇచ్చాడు.

ఆమె బోర్డులో చేరింది. పదిహేను కిలోమీటర్ల దూరంలో జట్‌ఫెన్‌లో చిన్న గది తీసుకుంది. ఏటా డిసెంబర్ ముప్పై ఒకటిన మధ్యాహ్నం ఇంటికి వచ్చేది. అలైడా నూనెలో పిండి ఉండలు వేయించి, పైన పంచదార చల్లి, పళ్ళెం నిండా పెట్టేది. హార్మెన్ నీలం అట్ట పుస్తకం తెరిచేవాడు.

"ఎంతయిందమ్మా?"

యోరీన్ అంకె చెప్పేది. అతను రాసుకుని, కిందటేడు అంకెతో పోల్చుకుని, "భేష్" అనేవాడు. ఆఖరిసారి చెప్పిన అంకె నలభై ఒక్క వేల ఆరు వందల యూరోలు. చెప్పేటప్పుడు ఆమె తండ్రి మొహం చూడకుండా పళ్ళెంలో రాలిన పంచదార వైపు చూసేది. అతను దాన్ని అణకువ అనుకున్నాడు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, నది కట్ట మీద కొలతలు తీస్తూ యోరీన్ వంగింది, వంగినది మళ్ళీ లేవలేదు. తలలో నరం చిట్లిందన్నారు. హార్మెన్, అలైడా ఆసుపత్రికి చేరేసరికి అయిపోయింది. ముప్పై ఏళ్ళు నిండడానికి ఇంకా అయిదు వారాలుంది.

అంత్యక్రియల నాడు వచ్చినవాళ్ళలో హార్మెన్ ఎరగని మొహాలు చాలా ఉన్నాయి. అందరికీ కాఫీ, తలా ఒక కేకు ముక్క ఇస్తున్నప్పుడు, గోళ్ళ సందుల్లో నల్లరంగు ఇంకిపోయిన ఒక పొట్టి అమ్మాయి అతని చెయ్యి పట్టుకుంది. ఏదో చెప్పబోయింది. అంతలోనే చెయ్యి వదిలేసి వెనక వరసలోకి వెళ్ళిపోయింది. బోర్డులో పనిచేసే పిల్ల కాబోలు అనుకున్నాడు.

ఏప్రిల్‌లో వారసత్వం లెక్కలు తేల్చే నోటరీ దగ్గర నుంచి కవరు వచ్చింది. పెళ్ళికాని కూతురు పోతే ఆమె పేరున ఉన్నదంతా తల్లిదండ్రులకే వస్తుంది. హార్మెన్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ఖాతాలో పదకొండు వందల ఎనభై యూరోలు ఉన్నాయి. ఇంకో ఖాతా లేదు.

అచ్చుతప్పు అనుకుని ఫోన్ చేశాడు. కాదన్నారు. అయితే ఏడేళ్ళ స్టేట్‌మెంట్లూ పంపమన్నాడు.

"ఎవడో మన పిల్లని దోచుకున్నాడు" అన్నాడు అలైడాతో. "తియ్యటి మాటలు చెప్పే వెధవ ఎవడో. నేను చూడని కేసులా ఇవి? వదలను వాణ్ణి."

అలైడా లేచి కాఫీ కప్పులు తీసేసింది.

లావుపాటి కవరు వచ్చిన రోజు పొద్దున్నే అతను బల్ల దగ్గర కూర్చున్నాడు. డాక్టరుకి నాడి ఎలాగో అతనికి స్టేట్‌మెంటు అలాగ. రెండు పేజీలు చూస్తే చాలు, ఆ మనిషి తాగుతాడో, కాపురం చెడిందో, పిల్ల పుట్టబోతోందో చెప్పేసేవాడు. అలాంటి కళ్ళతో తన కూతురి ఏడేళ్ళూ చదవడం మొదలుపెట్టాడు.

మొదటి రెండేళ్ళూ అంతా అతను చెప్పినట్టే ఉంది. ఇరవై అయిదో తేదీ జీతం, అదే రోజు పదో వంతు పక్కకి. ఒక్కోసారి అయిదో వంతు కూడా. తు.చ. తప్పలేదు. చదువుతుంటే అతని ఛాతీ కొంచెం పొంగింది కూడా. మూడో ఏడు మార్చిలో దాచినదంతా ఒక్క పద్దులో వెళ్ళిపోయింది, పాత పడవలు అమ్మే దళారి పేరున. ఆ మరుసటి నెల నుంచి జీతం సగానికి కాస్త పైన. అంటే వారానికి మూడు రోజులే పని. తర్వాత ఇనప రేకులు. తారు. రంగు. తాళ్ళు. పాత ఇంజనుకి సామాను. జట్‌ఫెన్ పడవల యార్డుకి నెలనెలా అద్దె. ఎక్కడా మగాడి పేరు లేదు. కొత్త బట్టలు కూడా లేవు.

నాలుగో ఏడు అక్టోబర్ దగ్గర అతని వేలు ఆగిపోయింది. తమ ఇంటికి మూడు వీధుల అవతలి బట్టల కొట్టు. చెల్లింపు పక్కన వివరం కూడా ఉంది: నీలం గుడ్డ, పన్నెండు మీటర్లు. యోరీన్ జన్మలో సూదీ దారం ముట్టుకోలేదు. ఆ కొట్టుకి ఆ ఇంట్లోంచి వెళ్ళే మనిషి ఒక్కతే.

అతను తలెత్తాడు. "అలైడా, పన్నెండు మీటర్ల నీలం గుడ్డ ఎందుకు?"

అలైడా కుళాయి కట్టేసింది. "కర్టెన్లకి."

"ఏ కర్టెన్లకి?"

"పడవకి. కిటికీలు చిన్నవే గాని చాలా ఉన్నాయి."

ఆమె చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ మాట కోసం రెండు నెలలుగా కాచుకుని ఉన్న దానిలా నిమ్మళంగా చెప్పింది. పడవ పేరు ఆల్బెర్టినా. నూట పదేళ్ళ పాతది, ఒకప్పుడు ఇటుకలు మోసిన పడవ. కాగితాల్లో లీస్బెత్ అనే అమ్మాయి పేరే ఉంది గాని, సగం యోరీన్‌ది.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"కొన్న రోజు నుంచి."

"ప్రతి గురువారం మీ అక్కయ్య దగ్గరికని జట్‌ఫెన్ రైలెక్కేదానివి."

"అక్కయ్య దగ్గరికి నెలకోసారి. మిగతావి పడవకి."

హార్మెన్ నీలం అట్ట పుస్తకం ముందుకి లాక్కున్నాడు. "నలభై ఒక్క వేల ఆరు వందలు. నా కళ్ళెదురుగా చెప్పింది. ఇక్కడే కూర్చుని."

"చెప్పింది. ఆ అంకె మేమిద్దరం కలిసే కట్టేవాళ్ళం. మరీ ఎక్కువైతే నువ్వు అనుమానిస్తావు, మరీ తక్కువైతే మొహం ముడుచుకుంటావు."

"అప్పులు చేసిందా?"

"లేదు. ఇంజను పాడైనప్పుడు చెయ్యబోయింది. 'నాన్న రూలు చక్రాలున్నవాటికి కదమ్మా, పడవకి చక్రాలుండవుగా' అని పడీ పడీ నవ్వింది. నవ్విందే గాని చెయ్యలేదు. ఆ చలికాలమంతా ఇంజను లేకుండానే పడి ఉంది పడవ."

"ఇద్దరూ కలిసి నన్ను వెర్రివెధవని చేశారు."

"అది కాదు హార్మెన్" అంది అలైడా. "చెప్తే నువ్వు అరవవు. తిట్టవు. అరిచినా బాగుండేది. ఆ కాగితం తీసి మళ్ళీ బల్ల మీద పెడతావు. దానికి అదే భయం."

పది రోజుల పాటు ఆ ఇంట్లో ఉప్పు అందించమనే మాట తప్ప ఇంకో మాట లేదు. పదకొండో రోజు గురువారం. అలైడా కోటు తొడుక్కుంటుంటే హార్మెన్ కూడా తన కోటు తీశాడు. ఆమె ఒక క్షణం అతన్ని చూసి, తన కోటు విప్పి కొక్కేనికి తగిలించేసింది. "నువ్వొక్కడివే వెళ్ళు" అంది. "యార్డు చివర, కుడిపక్క."

పడవ అతను అనుకున్నంత పెద్దదీ కాదు, అందమైనదీ కాదు. నల్లటి అడుగు, పైన ఆకుపచ్చ చెక్క. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఒక అమ్మాయి తుప్పు గీకుతోంది. అంత్యక్రియల నాడు చెయ్యి పట్టుకున్న అమ్మాయే. అతని చంకలో ఫైలు చూసి ఆమె మొహం గట్టిపడింది.

"సంతకాలకి వచ్చారా హార్మెన్ గారూ? సగం మీదే, కాదనను. అమ్మమంటే అమ్మేస్తాను. నెల రోజులు మాత్రం టైమివ్వండి."

"చూడ్డానికి వచ్చాను" అన్నాడు. ఫైలు ఎందుకు తెచ్చాడో అతనికే తెలీదు. చేతిలో కాగితాలు లేకుండా ఎక్కడికీ వెళ్ళిన అలవాటు లేదు.

ఆమె కాసేపు అనుమానంగా చూసి పక్కకి జరిగింది. "తల జాగ్రత్త. గుమ్మం పొట్టివాళ్ళ కోసం కట్టింది."

లోపల పొయ్యి, రెండు కుర్చీలు, నీలం కర్టెన్లు. గోడ వెంట చెక్క అలమారలు. హార్మెన్ ఒక అలమార మూల మీద బొటనవేలు పెట్టి రాశాడు. రెండు పలకలు కలిసిన చోట గోరు కూడా దూరలేదు.

"తనే చేసింది" అంది లీస్బెత్. "ఆ ఒక్క మూలే మూడు సార్లు ఊడదీసి మళ్ళీ చేసింది. వదిలెయ్యవే బాబూ, ఎవరు చూస్తారు అంటే వినేది కాదు. మొండిఘటం."

తన కూతురి చేతులకి ఇంత పని వచ్చని అతనికి తెలీదు. ఆ చేతులతో కాఫీ కప్పు పట్టుకోవడం, ఆ నీలం పుస్తకం అందివ్వడం, అంతే చూశాడు. అతను వేలు తియ్యకుండా అలాగే నిలబడ్డాడు. లోపలి గదిలోకి చూస్తే ఒకటే వెడల్పు మంచం కనిపించింది, రెండు దిళ్ళతో.

"నువ్వూ తనూ..." అని ఆగాడు.

"అవును. అయిదేళ్ళు."

"అది చెప్పడానికి కూడా భయపడిందా నా దగ్గర?"

"అబ్బే, దానికి కాదు. మా నాన్న ఏమీ అనడు, ఇంకో కుర్చీ వేస్తాడంతే అనేది. కానీ నన్ను తీసుకొస్తే నేను ఎక్కడుంటానో చెప్పాలి. అది చెప్తే పడవ సంగతి చెప్పాలి. పడవ చెప్తే డబ్బు సంగతి..." లీస్బెత్ భుజాలు ఎగరేసింది.

అంత్యక్రియల నాడు ఈ అమ్మాయి వెనక వరసలో నిలబడింది. ముందు వరసలో, తన పక్కన, ఒక కుర్చీ ఖాళీగానే ఉంది. దాని మీద అతను తన గొడుగు పెట్టుకున్నాడు. అది గుర్తొచ్చి హార్మెన్ చంకలోని ఫైలు తీసి కింద పెట్టాడు.

"నా గురించి ఏమనేది?"

"నిజం చెప్పనా, మంచిమాట చెప్పనా?"

"మంచిమాటలు ఏడేళ్ళు విన్నాను."

"మీ సలహాలు మంచివే అనేది. నన్ను కూడా పదో వంతు దాచమని చంపుకు తినేది. కానీ డిసెంబర్ వచ్చిందంటే తిండి సయించేది కాదు. ఆ అంకె తలుచుకుని. ఒకసారి రైల్వే స్టేషన్ దాకా వెళ్ళి వాంతి చేసుకుంది. నేను రైలెక్కించి వచ్చాను." ఆమె పొయ్యి మీది కెటిల్ అటూ ఇటూ జరిపింది. "ఇంజను పని అయిపోయాక, ఈ మే నెలలో మిమ్మల్ని తీసుకొచ్చి చూపిస్తానంది."

హార్మెన్ తలెత్తాడు.

"నిజంగా తెచ్చేదో లేదో నాకు తెలీదు" అంది లీస్బెత్. "కిందటేడూ అలాగే అంది."

ఆ తర్వాత గురువారాలు భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళసాగారు. హార్మెన్‌కి తుప్పు గీకడం కూడా చేతకాదు. వేళ్ళు కోసుకునేవాడు. లీస్బెత్ తిట్టేది, చేతికి తొడుగులు ఇచ్చేది. ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. సాయంత్రం సూప్, రొట్టె తిని రైలెక్కేవారు.

జూన్‌లో ఒక శనివారం ఎదురింటి నెవిన్ తలుపు తట్టింది. రొట్టెల కొట్టు జెలాల్ కూతురు. లెక్కల చదువు అప్పుడే ముగించింది. చిన్నప్పటి నుంచీ ఈ ఇంట్లో ఆడుకున్న పిల్ల.

"బాబాయ్, ఆ ఒక్క బిస్కెట్ కోసం వచ్చాను" అంది నవ్వుతూ. అంతలోనే నవ్వు ఆపేసింది. "వద్దంటే వెళ్ళిపోతాను. నాన్నే తరిమాడు."

"ఆ పని మానేశానమ్మా" అన్నాడు హార్మెన్. అలైడా మాత్రం కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

నెవిన్ చెప్పుకొచ్చింది. జ్వోలెలో ఆడిట్ కంపెనీ పర్మనెంట్ ఇస్తానంది. తనకేమో కొట్టు నడపాలని ఉంది. "నాన్న నన్ను పొయ్యి దగ్గరికే రానివ్వడు. 'నా బతుకు పిండిలో పోయింది, నీది కూడా పోవడానికా చదివించింది' అంటాడు. అందుకని ఒక ఉపాయం వేశాను. ఉద్యోగంలో చేరినట్టే చేరి, మెల్లగా రోజులు తగ్గించుకుని, మా ఫ్రెండుతో కలిసి అక్కడే చిన్న కొట్టు పెడతాను. నాన్నకి ఇప్పుడే తెలియాల్సిన పనేముంది? నిలదొక్కుకున్నాక చెప్తాను."

హార్మెన్ చేతిలోని కప్పు బల్ల మీద పెట్టేశాడు. తర్వాత సొరుగులోంచి కాగితం ఒకటి తీశాడు. కలంతో అయిదో వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. కాగితం చిరిగేంత గట్టిగా.

"పై నాలుగూ పనికొస్తాయి, ఉంచుకో" అన్నాడు. "ఉద్యోగమా కొట్టా అన్నది నేను చెప్పను. నాకు తెలీదు. ఒక్కటి మాత్రం తెలుసు. లే, పద."

"ఎక్కడికి?"

"మీ నాన్న దగ్గరికి. ఇప్పుడే."

"చంపేస్తాడు బాబాయ్!"

"అరుస్తాడు. అరవనీ."

ఆమె చెయ్యి పట్టుకుని వీధి దాటించాడు. కొట్లో ముగ్గురు బేరగాళ్ళుండగానే నెవిన్ వణుకుతూ అంతా చెప్పింది. జెలాల్ పిండి చేతులు గాల్లోకి ఎత్తి అరిచాడు. "నాలుగు మంచిమాటలు చెప్తావని పంపితే ఇదా నువ్వు చేసే నిర్వాకం? నీ కూతుర్ని మాత్రం ఆఫీసులో కూర్చోబెట్టుకున్నావుగా!"

అని నాలిక కరుచుకున్నాడు.

"కూర్చోబెట్టాను" అన్నాడు హార్మెన్. "అందుకే వచ్చాను జెలాల్. అరుచుకో, ఎంతసేపైనా అరుచుకో. పిల్ల ఇక్కడే నిలబడి ఉంది, చూశావా. అది చాలు నీకు."

దానివల్ల అద్భుతాలేవీ జరగలేదు. జెలాల్ నెలరోజులు హార్మెన్‌తో మాట్లాడలేదు. నెవిన్ చివరికి జ్వోలె ఉద్యోగానికే వెళ్ళింది. కొట్టు సంగతి రెండేళ్ళ తర్వాత చూద్దామని తండ్రీ కూతుళ్ళు ఒప్పుకున్నారని అలైడా విని వచ్చి చెప్పింది.

ఆగస్టులో లీస్బెత్ పడవ అమ్మేస్తానంది. గెంట్ నుంచి ఒక బెల్జియం జంట వచ్చి చూసి వెళ్ళారట.

హార్మెన్ గీకుతున్న పనిముట్టు కింద పెట్టేశాడు. "డబ్బు చాలకపోతే నా దగ్గర ఉంది. యార్డు అద్దె, ఇంజను, రంగు, అన్నీ నేను చూసుకుంటాను. ముప్పై ఏడేళ్ళు దాచింది ఎవరి కోసం? మొత్తం తీసుకో."

జీవితంలో అతను ఎవరికీ అనని మాట. అలైడా సూప్ గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"డబ్బు కాదు హార్మెన్" అంది లీస్బెత్. గారూ, మీరూ అనడం ఎప్పుడో మానేసింది. "ఆ మంచం మీద నేను ఒక్క రాత్రి కూడా పడుకోలేదు ఫిబ్రవరి నుంచి. యార్డు షెడ్డులో పడుకుంటున్నాను, తెలుసా? ఇటు చూస్తే తను చేసిన అలమార, అటు చూస్తే తను వేసిన రంగు. నీకు ఈ పడవ కొత్త. నువ్వు ఇక్కడ తనని వెతుక్కుంటున్నావు. నాకు ఎక్కడ చూసినా తనే. నేను ఉండలేను."

"ఒక్క ఏడాది ఆగు" అన్నాడు హార్మెన్. "ఒక్క ఏడాది."

ఆ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో విని, అతను నోరు మూసుకున్నాడు. లీస్బెత్ తల అడ్డంగా ఊపింది.

తన వాటా డబ్బు లీస్బెత్‌కే రాసిచ్చాడు. వద్దని పోట్లాడింది. అతను వినలేదు. చివరికి కళ్ళు తుడుచుకుంటూ, "పదో వంతు పక్కకి తియ్యనా?" అంది.

"నీ ఇష్టం" అన్నాడు.

సెప్టెంబర్‌లో, గాలి లేని ఒక పొద్దున ఆల్బెర్టినా యార్డు వదిలింది. బెల్జియం ఆయన చుక్కాని దగ్గర, ఆయన భార్య ముందు తాడు చుడుతూ. లీస్బెత్ రాలేదు. హార్మెన్, అలైడా కట్ట మీద నిలబడి చూశారు. పడవ వంతెన కింద దూరి అవతల తేలింది. కాసేపటికి మలుపు దగ్గర చెట్లు అడ్డం వచ్చాయి. ఇంజను చప్పుడు ఇంకాసేపు వినిపించి అదీ పోయింది.

"వెళ్దామా?" అంది అలైడా.

అతను కదల్లేదు. కట్ట మీద గొర్రెలు మేస్తున్నాయి. యోరీన్ పడిపోయింది ఇలాంటి కట్ట మీదే, ఇక్కడికి రెండు మైళ్ళు ఎగువన. అతను గడ్డిలో కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పితో అలైడా కూడా మెల్లగా పక్కన కూలబడింది.

"ఎన్ని గురువారాలు వెళ్ళి ఉంటావు నువ్వు?" అడిగాడు.

"లెక్కపెట్టలేదు. నాలుగున్నరేళ్ళు."

"అన్నీ గుర్తున్నాయా?"

"కొన్ని కలిసిపోయాయి. చాలా గుర్తున్నాయి."

"నాకు చెప్పు. ఏదీ వదలకుండా. మొదటిసారి నుంచి."

అలైడా అతని మొహంలోకి చూసింది. కోపం ఉందేమోనని వెతికింది. లేదు. ఆకలి మీద ఉన్నవాడి మొహంలా ఉంది అది.

"మొదటి రోజు వాన" అంది ఆమె. "నిచ్చెన లేదు. ఒడ్డుకీ పడవకీ మధ్య ఇంత సందు. నేను ఎక్కనంటే ఎక్కనని కూర్చున్నాను. ఇద్దరూ కలిసి నన్ను బంగాళదుంపల బస్తాలా ఎత్తి లోపల పడేశారు. నా బూటు ఒకటి నీళ్ళలో పడిపోయింది."

"ఆ గోధుమరంగు బూట్లా? వానకి పాడైపోయాయన్నావుగా."

"అవే. యోరీన్ బూటు కోసం నీళ్ళలోకి దూకేసింది, బట్టలతోనే. మార్చి నెల. పెదాలు నీలం తిరిగిపోయాయి. పైకొచ్చి బూటులోంచి నీళ్ళు ఒంపి, 'అమ్మా, ఇందులో చేప కూడా ఉంది, మధ్యాహ్నం కూరకి' అని..."

హార్మెన్ నవ్వాడు. ఫిబ్రవరి తర్వాత అదే మొదటిసారి. నవ్వు సగంలో విరిగి ఏడుపైపోయింది. అతను రెండు చేతుల్లో మొహం దాచుకుని పైకే ఏడ్చాడు. అలైడా అతని వీపు మీద చెయ్యి వేసి ఊరుకుంది. గొర్రెలు కొన్ని తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడ్డాయి.

చాలాసేపటికి అతను ముక్కు తుడుచుకున్నాడు.

"ఊఁ," అన్నాడు. "తర్వాత?"